మా అత్తకున్న ఒక్క కన్ను

మా ఇంటికి రంగులు వేయించిన వారంలోనే మా అత్తకు చూపు ఆనడం లేదన్న సంగతి బయటపడింది. రంగులు వేసేవాళ్ల కోసం నడింట్లో మంచాన్ని గోడవార నుంచి జరిపి మధ్యలో వేశాం. పొద్దున్నే కాఫీ కోసం వంటింట్లోకి వస్తున్న మా అత్త నేరుగా పోయి మంచం కోడు మీద పడింది. పెద్ద దెబ్బేమీ కాదు, మోకాలి దగ్గర కాస్త దోక్కుపోయింది. లేపి కూర్చోబెడితే, "మంచాన్ని దోవలో యాసింది ఎవురు?" అని మమ్మల్నే తిట్టింది. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, బారెడు పొద్దెక్కింది. అంత మంచం ఆవిడకు కనపడలేదు.

ఆ రోజు రంగుల పని ఆపించి సామాను మొత్తం ఎప్పటి చోట్లకే జరిపించాను. జరిపించి, ఒక మూల నిలబడి ఆవిడను గమనించాను. మంచం దాటింది, గడప దాటింది, కుండ మీద మూత తీసి చెంబు ముంచింది, ఒక్క చుక్క కింద పడకుండా తాగింది. మా ఇంట్లో పరిచినవి నల్లటి కడప బండలు. ఆవిడ ఇంట్లో చెప్పులు వేసుకునేది కాదు. బండకూ బండకూ మధ్య అతుకు పాదానికి తగిలితే దాన్నిబట్టి ఎక్కడుందో తెలుసుకుంటోందని అప్పుడు అర్థమైంది. చూపు మందగించి ఎన్నాళ్లయిందో ఏమో, కాళ్లతో నెట్టుకొస్తోంది. పైగా ఆవిడకున్నది ఒక్కటే కన్ను.

ఎడమ కన్ను పెళ్లయిన కొత్తలోనే పోయింది. వాళ్లది రాజంపేట దోవలో ఒక పల్లె. జొన్న కోతలప్పుడు వంగి కోస్తుంటే, కోసిన దంటు మొన కంట్లో గుచ్చుకుంది. ఊళ్లో ఒకాయన ఏదో ఆకు దంచి పసరు పిండాడు. మంట చల్లారేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు నిలిచిపోయింది. ఆ మిగిలిన కంటితోనే కలుపులు తీసింది, శనక్కాయ చెట్లు పెరికింది, మా ఆయనను పెంచింది. పెద్దయ్యాక చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని చదవడం కూడా నేర్చుకుంది. "రెండు కండ్లుండేవాళ్లు సూసిందేందో, నేను సూడందేందో చెప్పు" అని సవాలు చేసేది.

నాది కర్నూలు. కర్నూలోళ్లకు నోరెక్కువని మా అత్త అభిప్రాయం. అది నిజమే కాబట్టి ఆ ఒక్క విషయంలో నేను ఆవిడతో ఎప్పుడూ కొట్లాడలేదు. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను, గొంతు పెద్దది కాకపోతే ఆ ఉద్యోగం జరగదు. మామ పోయాక ఆవిడ పల్లె వదిలి కడపలో మా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన నాటి నుంచీ మాకు బాగా పడేది, పైకి మాత్రం పడనట్టే ఉండేవాళ్లం. ఆవిడ నా పప్పుకు వంక పెట్టేది, నేను ఆవిడ వక్కాకు సంచికి వంక పెట్టేదాన్ని. మా ఆయన బస్సు డిపోలో పని ముగించుకుని వచ్చి, ఇద్దరి ఫిర్యాదులూ విని, ఎవరి పక్షమూ పట్టకుండా తిని పడుకునేవాడు.

ఆ సాయంత్రం సూటిగా అడిగేశాను.

"అత్తా, నిజం చెప్పు. నీకు కన్ను ఆనల్యా కదా?"

"ఆనక ఏం? పొద్దుగూకినాక మసక ఎవురికైనా ఉంటాది."

"ఇంకా పొద్దుగూకల్యా."

మా అత్త కొంగు తీసి కుడి కన్ను తుడుచుకుంది, తుడిస్తే పోయేదేదో అందులో ఉన్నట్టు. తర్వాత మెల్లగా చెప్పింది. "తెల్లగా పొగ అడ్డం వచ్చినట్ల ఉండాది. ఎండలో అయితే మరీ. మనిషో మానో తెలీదు. వానికి చెప్పొద్దుమ్మే."

వాడంటే మా ఆయన. నేను ఆ రాత్రే చెప్పేశాను. అంత పెద్ద సంగతి కడుపులో పెట్టుకోవడం నాకు చేతకాదు. ఆయన చిన్నపిల్లాడిలా వెళ్లి తల్లి పక్కన కూర్చున్నాడు. చెప్పిందెవరో ఆవిడకు తెలుసు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఆ తర్వాత పప్పులో ఉప్పు తక్కువైందన్న వంకతో మొదలుపెట్టింది.

డాక్టరు దగ్గరికి ఒక ఒప్పందం మీద వచ్చింది. "సూపిచ్చుకునేదానికైతే వస్తా. కోయిచ్చుకునేదానికి కాదు." కంటి డాక్టరు చిన్న వయసు ఆడపిల్ల. నెమ్మదస్తురాలు. చీకటి గదిలో కూర్చోబెట్టి, దీపం వేసి, రెండు కళ్లూ ఓపికగా చూసింది. మా అత్త భయమేమిటో ఆ పిల్లకు మేం చెప్పకుండానే తెలిసిపోయింది. ఎడమ కంట్లో తెలుపు వచ్చాకే చూపు పోయింది. ఇప్పుడు కుడి కంటి పాప కూడా తెల్లబడింది. రెండూ ఒకటే రోగమని, దీనికీ ఎవరో ఏదో పోసి ఆర్పేస్తారని ఆవిడ నమ్మకం.

"అవ్వా, ఆ కన్ను వేరే, ఈ కన్ను వేరే" అంది డాక్టరు. "నీ ఎడమ కంట్లో దెబ్బ తగిలింది ముందుండే అద్దానికి. పసరు పడి అది పుండై మచ్చ కట్టింది. కుడి కంట్లో అద్దం బాగుంది. లోపల ఒక చిన్న బిళ్ల ఉంటుంది. వయసులో నీళ్ల మాదిరి తేటగా ఉంటుంది, రానురాను మబ్బేస్తుంది. దాన్నే శుక్లం అంటాం. మబ్బేసిన బిళ్ల తీసి కొత్త బిళ్ల పెడితే వెలుతురు లోపలికి పోతుంది."

"సుక్కల మందుకు కరగదా తల్లీ?"

"ఏ చుక్కలకూ కరగదవ్వా."

మా అత్త వక్కాకు సంచిలో చేయి పెట్టి ఒక చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. పొలాల్లో పనిచేసిన కాలం నుంచీ దుమ్ముకు కళ్లు ఎర్రబడి దురద పెడుతుండేవి. ఎప్పుడో ఎవరో ఇచ్చిన ఆ చుక్కలు వేసుకుంటే చల్లగా ఉండేదట. అయిపోయినప్పుడల్లా ఖాళీ సీసా చూపించి అదే తెప్పించుకునేది. ఊళ్లో తెచ్చిచ్చినవాళ్లున్నారు, ఇంట్లో మేమూ ఉన్నాం. డాక్టరు సీసా తిప్పి చదివింది.

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. చూపించుకోకుండా ఏళ్ల తరబడి వేసుకుంటే శుక్లం తొందరగా ముదురుతుంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం కూడా చెడుతుంది. నీ అదృష్టం, నరం బాగున్నట్టే ఉంది. ఇది ఇంక వద్దు. ఆ సంచిలో పొగాకు కూడా వద్దు."

పొగాకు సంగతి డాక్టరుకు ఎలా తెలిసిందా అని మా అత్త నా వైపు అనుమానంగా తిరిగింది. నేను చెప్పలేదు. పెదాలు చూస్తే తెలిసిపోతుంది.

పనిలో పనిగా నన్నూ ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. నాకు షుగరు ఉంది. నా కళ్లలోనూ అంచున చిన్న మసక మొదలైందట. ఇప్పుడేం చేయనక్కర్లేదు, షుగరు అదుపులో పెట్టుకో, ఎండలో పోయేటప్పుడు నల్లద్దాలు పెట్టుకో, ఏడాదికోసారి చూపించుకో, వయసుతో వచ్చేదాన్ని పూర్తిగా ఆపలేం గాని నెమ్మది చేసుకోవచ్చు అని చెప్పింది. కడప ఎండలో బడికీ ఇంటికీ ఉత్త కళ్లతో తిరిగేదాన్ని. ఆ సాయంత్రమే నల్లద్దాలు కొనుక్కున్నాను, వాటిని చూసి మా ఆయన నవ్విన నవ్వు అలా ఇలా లేదు.

మా అత్త మాత్రం తన పట్టు వదల్లేదు. "పండినాక వస్తాలే తల్లీ. పచ్చిది కోస్తే నిలవదంట" అంది. మా వైపు పల్లెల్లో ఇది గట్టి నమ్మకం. శుక్లమంటే మామిడికాయ కింద లెక్క. పూర్తిగా పండి, కన్ను పూర్తిగా మూసుకుపోతే గాని ముట్టుకోకూడదంటారు.

"అది పాతకాలం మాట అవ్వా. నీ పనికి నీ చూపు చాలనప్పుడే తీయాలి. ముదరబెట్టుకుంటే రాయి మాదిరి గట్టిపడుతుంది. తీయడం నీకూ కష్టం, నాకూ కష్టం."

అప్పుడు మా అత్త అసలు మాట చెప్పింది. "ఉండేది ఒగటి తల్లీ. అది గూడా పోతే?"

ఏమీ కాదులే అని డాక్టరు ఒక్క మాట అనేసి ఉండొచ్చు, ఆ పిల్ల అనలేదు. "ఏ ఆపరేషనుకైనా నూటికి నూరు అని ఎవరూ చెప్పలేరవ్వా. నూరుమందిలో ఎక్కువమందికి బాగా వస్తుంది. నీకు ఒక్క కన్నే కాబట్టి ఇంకా జాగ్రత్తగా చేస్తాను. చేయకుండా వదిలేస్తే మాత్రం ఇది చీకటి పడేదే." మా అత్త దండం పెట్టి లేచింది. ఆటోలో నాకు ఒళ్లు మండిపోయి ఇల్లు చేరేదాకా గొణుగుతూనే ఉన్నాను. ఆవిడ బయటికి ముఖం పెట్టుకుని, తనకు కనపడని రోడ్డును చూస్తూ కూర్చుంది.

అప్పటి నుంచి ఇంట్లో ఒక చిక్కు వచ్చింది. నేను చప్పుడు లేకుండా పక్కకు వస్తే ఆవిడ ఉలిక్కిపడేది, చేతిలో గిన్నె ఉంటే జారిపోయేది. మా ఆయన గదిలోకి వస్తూ "మా, నేను వస్తాండా" అని ప్రకటించడం మొదలుపెట్టాడు. ఒక రోజు ఆవిడ భగ్గుమంది. "నేనేం గుడ్డిదాన్నా, దండోరా వేసుకుంటా వస్తాండావు?" పాపం ఆయన ముఖం వాడిపోయింది. ఆవిడకు చెప్పకూడదు, చెప్పకుండానే తెలియాలి. దానికి నాకు తోచిన ఉపాయం మట్టి గాజులు.

నేను గాజులు వేసుకునే మనిషిని కాదు. ఒక చేతికి గడియారం, రెండో చేతికి ఏమీ ఉండదు, బోర్డు మీద రాసేటప్పుడు అడ్డమని. పెద్ద బజారుకు పోయి చేతి నిండా మట్టి గాజులు వేయించుకుని వచ్చాను. ఇంట్లో ఎక్కడికి పోయినా చేయి కాస్త ఎక్కువగా ఊపేదాన్ని. దానికి తోడు నా నోరు ఉండనే ఉంది. పాలవాడిని తిడుతూ, కూరగాయల ధరలు తిడుతూ, పిల్లల పేపర్లు దిద్దుతూ పైకే చదువుతూ తిరిగేదాన్ని. ఆవిడ ఉలిక్కిపడడం మానేసింది. గాజుల గురించి ఒక్క మాట కూడా అడగలేదు. కోడలికి ఉన్నట్టుండి సోకు ఎక్కువైందని అనుకుంటోందనుకున్నాను.

బడిలో మాత్రం నా పరువు పోయింది. నేను బోర్డు మీద గీత గీస్తే గలగల, చెరిపితే గలగల. వెనక బెంచీ పిల్లలు నా చేయి లేచినప్పుడల్లా నవ్వేవాళ్లు. తోటి టీచర్లు కొత్త పెళ్లికూతురా అని ఏడిపించేవాళ్లు. ఒక సాయంత్రం వంటింట్లో మా ఆయనతో ఇదంతా చెప్పుకున్నాను. "తీసేయొచ్చు కదా" అన్నాడు. "తీస్తే మీ అమ్మకు నేను యాడుండానో ఎట్ల తెలుస్తాది?" అని కసిరాను. అత్త బయట అరుగు మీద కూర్చుని ఉంది. వినపడి ఉండదనుకున్నాం.

ఇలా నెలలు గడిచేవేమో. వానల ముందు ఒకసారి నాకు జ్వరం వచ్చింది. బడికి సెలవు పెట్టి నడింట్లో చాప మీద పడుకున్నాను. మధ్యాహ్నం మా అత్త వంటింట్లోకి పోయి జొన్నపిండి తీసింది. వద్దన్నా వినలేదు. జొన్నరొట్టె తట్టడానికి ఆవిడకు కన్ను అక్కర్లేదు. పిండి పదును వేళ్లకు తెలుసు, పెనం వేడి అరచేతికి తెలుసు, కాలిన వాసన ముక్కుకు తెలుసు. వేడి రొట్టె చేతిలో పట్టుకుని వచ్చి, నా ముందు వంగి, అన్నం తినే తట్టలో పెట్టింది. పెట్టాననుకుంది. తట్ట జానెడు అవతల ఉంది. రొట్టె ఉత్త బండ మీద పడింది.

నేను వెంటనే దాన్ని తీసుకుని ఉండాల్సింది. జ్వరంలో లేవడం ఆలస్యమైంది. ఆవిడ నెయ్యి రాద్దామని తట్ట తడిమింది. ఖాళీగా ఉంది. ఇంకాస్త తడిమితే బండ మీద రొట్టె చేతికి తగిలింది. అలాగే చేయి దాని మీద ఉంచి కూర్చుండిపోయింది.

"ఏం కాదులే అత్తా, పొద్దున తుడిచిన బండే" అని రొట్టె లాక్కుని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. జ్వరం నోటికి రుచి లేదు. అయినా చాలా బాగుందని చెప్పాను.

"జరమొచ్చిన బిడ్డకు కూడు నేల మీద పెడితినే" అంది. మోకాలు దోక్కుపోయినప్పుడు ఏడవని మనిషి ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం ఆ రొట్టెకు అటూ ఇటూ కూర్చుని కాసేపు ఏడ్చాం. తర్వాత ఆవిడే ముఖం తుడుచుకుని, "నీ జరం తగ్గినాక పోదామమ్మే ఆ డాక్టరు పిల్ల కాడికి. ఏమైతే అదవుతాది. కోయిచ్చుకుంటా" అంది.

ఆపరేషను రోజు ఆస్పత్రిలో మా ఆయన మూలన నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. డాక్టరు పలకరించడానికి వస్తే మా అత్త ఆ పిల్ల చేయి పట్టుకుంది.

"తిన్నావా తల్లీ?"

"తిన్నానవ్వా. ఎందుకు?"

"ఆకలితో ఉంటే చేయి వణుకుతాది. ఏం తింటివి?"

"దోసెలు."

"ఇంగొగటి తినింటే బాగుండు" అంది మా అత్త. తర్వాత కన్ను మూసుకుని ప్రార్థన చేసింది. తన కన్ను గురించి ఏమీ అడగలేదు. ఆ పిల్ల చేతులు చల్లగా ఉండాలని, ఆ పిల్లకు మంచి సంబంధం రావాలని అడిగింది. డాక్టరు చేతులు కట్టుకుని ఆమెన్ చెప్పి లోపలికి పోయింది.

లోపల ఎంతోసేపు పట్టలేదు. బయట మాకు మాత్రం యుగం గడిచినట్టుంది. కంటికి కట్టు కట్టి చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. బాగానే జరిగింది, బిళ్ల గట్టిపడి కాస్త ఇబ్బంది పెట్టింది గాని తీశాం, చూపు ఎంత వస్తుందో రేపు పొద్దున కట్టు విప్పితే గాని చెప్పలేం అన్నారు. ఆ మాటతో మాకు సగం ప్రాణమే తిరిగి వచ్చింది.

ఆ మధ్యాహ్నం నుంచీ మా అత్తకు నిజమైన చీకటి. మసక కూడా లేదు. ఎడమ కన్ను పోయినప్పుడు కూడా కుడి కన్ను ఉంది. ఇప్పుడు రెండూ మూసుకుపోయాయి. చేతులు ముందుకు చాపి ఒకసారి గాలిలో తడిమింది. నేను మంచం పక్క స్టూలు వేసుకుని మాట్లాడడం మొదలుపెట్టాను. ఆస్పత్రి గోడకు ఏ రంగుందో, ఎదురు మంచం ముసలాయన ఎలా గురక పెడుతున్నాడో, మా ఆయన కాఫీ తేవడానికి పోయి ఎలా దారి తప్పాడో, నోటికొచ్చిందల్లా చెప్పాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. నేను కాస్త ఆగితే చాలు, గాజుల మీద వేలు జరిపి చూసేది. నేను మళ్లీ మొదలుపెట్టేదాన్ని. పొద్దుగూకేదాకా, ఆవిడకు నిద్ర పట్టేదాకా అలాగే మాట్లాడాను. నా జీవితంలో ఎవరూ నన్ను నోరు మూసుకోమనకుండా అంతసేపు విన్నది అప్పుడే.

పొద్దున డాక్టరు వచ్చింది. నన్ను మంచం కాళ్ల వైపు నిలబడమంది. మా ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. కట్టు విప్పి, దూది తడిపి రెప్పలు తుడిచి, "మెల్లగా తెరువవ్వా" అంది. మా అత్త తెరవలేదు. భయమైనప్పుడు నేను ఎక్కువ మాట్లాడతాను. "తెరువత్తా, ఏం కాదు, డాక్టరమ్మ ఈడే ఉండాది, నేనూ ఈడే ఉండా, నీ కొడుకు కిటికీ కాడుండాడు" అంటూ అలవాటు కొద్దీ చేయి ఊపుతూనే ఉన్నాను.

కన్ను తెరిచింది. రెండు మూడుసార్లు రెప్ప కొట్టింది. నీళ్లు కారాయి. ముందు డాక్టరును చూసింది, కిందనుంచి పైదాకా.

"ఇంత సిన్నపిల్లవా తల్లీ నువ్వు? ముందే తెలిసింటే ఇచ్చిండను నా కన్ను."

డాక్టరు పకపకా నవ్వింది. మా ఆయన గోడకు ఆనుకుని అలాగే కిందికి కూర్చుండిపోయాడు. మా అత్త కొడుకును చూసి, "ఏమప్పా, నెత్తి నెరిసె" అని, తర్వాత నా వైపు తిరిగింది. ముఖం వైపు కాదు, చేతి వైపు చూసింది. ఇంకా ఊపుతున్న నా చేయి ఆగిపోయింది.

"పచ్చవా అవి? ఎర్రవనుకుంటి."

దగ్గరికి రమ్మని సైగ చేసింది. పోయి పక్కన కూర్చున్నాను. నా చేయి ఒళ్లోకి తీసుకుని గాజులను ఒక్కొక్కటే జరిపి చూసింది.

"ఇంగ తీసెయ్‌మ్మే. బడిలో పిల్లోళ్లు నగుతాండారంటివి కదా. నేను బెదురుకోకుండా ఇన్నాళ్లూ మోస్తివి. నువ్వింగ యాడ నిలబడినా కనపడ్తాండావు."

నా చేయి ఆవిడ ఒళ్లోనే ఉండిపోయింది. గాజులు పలకకుండా ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నా ముఖం చూస్తూ కూర్చుంది.